సొంత ఊరంటే భయపడిన సేనాని

ఆ వేపమొద్దు కొంచెం లోపలికి తొయ్యండిరా, పొగంతా ఇటే కొడుతోంది. ఊఁ, చాలు. యుద్ధం కథ కావాలన్నారు కదూ? రాజుల కథలు చాలానే చెప్పాను. ఇవాళ్టి కథలో రాజు లేడు. ఊరంతా ఒక గుట్ట మీద చేరి, చేతులెత్తి, ఫలానా దేశం మీదికి దండెత్తి పోదామని తీర్మానం చేసుకున్న కథ ఇది. బాగా పాతది, క్రీ.పూ. 415 నాటిది.

ఊరి పేరు ఏథెన్స్. గుట్ట పేరు ప్నిక్స్. లేదమ్మా బుజ్జీ, ఆడవాళ్ళకి అక్కడ మాట లేదు. బానిసలకీ లేదు, బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళకీ లేదు. మిగతా మగవాళ్ళంతా చేరేవాళ్ళు. యుద్ధమైనా సంధైనా అక్కడే తేలాలి. సేనానులు పదిమంది. వాళ్ళనీ ఏటా చేతులెత్తే ఎన్నుకునేవాళ్ళు. ఎన్నుకున్నవాళ్ళే పదవి దిగగానే లెక్క అడిగేవాళ్ళు. చెప్పిన లెక్క జనానికి నచ్చకపోతే జరిమానా, దేశబహిష్కారం, ఒక్కోసారి మరణశిక్ష.

ఆ ఊరికీ స్పార్టాకీ క్రీ.పూ. 431లో యుద్ధం మొదలైంది. అప్పుడు ఏథెన్స్‌ని నడిపిస్తున్నది పెరిక్లీజ్. మన బలం ఓడల్లో ఉంది, గోడల వెనక నిబ్బరంగా ఉండండి, ఈ యుద్ధం తేలేదాకా కొత్త రాజ్యాల మీద ఆశ పెట్టుకోకండి అని చెప్పాడాయన. మరుసటి ఏడే ఊళ్ళో మహమ్మారి పడింది. 429లో ఆయనా పోయాడు, ఆయనతోపాటే ఆ మాటా పోయింది. పదేళ్ళు కొట్టుకుని కొట్టుకుని ఇద్దరికీ ఆయాసం వచ్చాక 421లో సంధి కుదిరింది. కుదిర్చిన పెద్దమనిషి నికియాస్. మన కథ ఈయనదే.

నికియాస్ గొప్ప ధనవంతుడు. లారియం వెండి గనుల్లోకి వెయ్యిమంది బానిసల్ని అద్దెకిచ్చేవాడు, మనిషికి రోజుకి ఒక ఓబోలు చొప్పున. ఓబోలంటే ద్రాక్మాలో ఆరోవంతు. ఆ డబ్బుతో ఊరికి నాటకాలు వేయించేవాడు, దేవుళ్ళకి మొక్కులు తీర్చేవాడు. జోస్యుణ్ణి ఇంట్లోనే పెట్టుకున్నాడు. సేనానిగా తీసిపారేయాల్సినవాడు కాడు, కాకపోతే గట్టి నమ్మకం కుదిరితే తప్ప అడుగు వెయ్యడు. పిరికివాడనుకునేరు. శత్రువు కత్తికి ఆయన జంకిందేమీ లేదు. ఆయనకి భయమల్లా ఆ గుట్ట మీద కూర్చున్న జనమంటేనే.

ఆ భయానికి కారణముంది. క్రీ.పూ. 424లో ముగ్గురు సేనానులు సిసిలీ దీవి నుంచి తిరిగొచ్చారు. అక్కడి ఊళ్ళు తమలో తాము రాజీపడ్డాయి, ఇక వీళ్ళకి పనిలేదు, వచ్చేశారు. జనం మాత్రం, గుప్పిట్లోకి వచ్చిన దీవిని లంచం తిని వదిలేశారన్నారు. ఇద్దర్ని దేశం నుంచి వెళ్ళగొట్టి, మూడోవాడైన యురిమెడన్‌కి జరిమానా వేశారు. ఈ యురిమెడన్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు. ఆ ఏడు చలికాలంలోనే ఆంఫిపొలిస్ అనే ఊరు శత్రువు చేతికి పోయింది. దాన్ని కాపాడలేకపోయిన ఇంకో సేనాని ఇరవయ్యేళ్ళు సొంత ఊరికి దూరమయ్యాడు. ఆయన థుసిడిడీస్. ఆ ఇరవయ్యేళ్ళూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేదు, ఈ యుద్ధం చరిత్ర రాశాడు. నేను చెప్పేది చాలావరకు ఆయన రాసిందే. అక్కడక్కడ ప్లుటార్క్ చెప్పినవీ కలుపుతాను. ఆయన అయిదు వందల ఏళ్ళ తరవాతివాడు, కథలంటే మక్కువ ఎక్కువ.

ఇక రెండోవాడు ఆల్కిబియాడీస్. అందగాడు, మాటకారి, పెద్దింటి బిడ్డ. తండ్రి యుద్ధంలో పోతే పెరిక్లీజ్ సంరక్షణలో పెరిగాడు, సోక్రటీస్ వెంట తిరిగాడు. ఒలింపిక్ పందేలకి ఒకేసారి ఏడు రథాలు దించాడు. మొదటి స్థానం, రెండోది, నాలుగోది ఆయనవే. బోలెడు డబ్బు పోసి కొన్న కుక్కకి అందమైన తోక ఉంటే దాన్ని కోయించాడట. ఊరంతా తిట్టిపోస్తోందని స్నేహితులు చెబితే నవ్వాడట. దీని గురించి తిడుతున్నంతసేపు నా గురించి ఇంతకంటే చెడ్డవి మాట్లాడుకోరు కదా అన్నాడని ప్లుటార్క్ రాశాడు. ఏం నవ్వుతున్నావురా చిన్నోడా? ఇలాంటివాళ్ళకి నువ్వూ ఎప్పుడో ఓటేస్తావు.

ఇప్పుడు సిసిలీకి వద్దాం. అక్కడ సెజెస్టా అనే ఊరికి పక్కనున్న సెలినస్‌తో తగాదా. సెలినస్ వెనక సిరక్యూజ్ ఉంది. అది మామూలు ఊరు కాదు, ఏథెన్స్‌తో సమానంగా తూగే నగరం. సెజెస్టా వాళ్ళు ఏథెన్స్‌కి వచ్చి, మమ్మల్ని కాపాడండి, యుద్ధం ఖర్చు మాది అన్నారు. నిజంగా డబ్బుందో లేదో చూసి రమ్మని ఏథెన్స్ మనుషుల్ని పంపింది. వాళ్ళకి ఎరిక్స్ కొండ మీది గుళ్ళో వెండి గిన్నెలు చూపించారు. తరవాత ఇంటింటా విందులు. ఏ ఇంటికి వెళ్ళినా బంగారు పాత్రలు, వెండి పాత్రలు. వెళ్ళినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. తీరా ఆ పాత్రలన్నీ ఊళ్ళో ఉన్నవాటినీ పక్క ఊళ్ళ నుంచి అరువు తెచ్చినవాటినీ పోగేసి, ఒక ఇంటి తరవాత ఇంకో ఇంటికి తిప్పినవే. పెళ్ళిచూపులకి పక్కింటి నగలు పెట్టుకున్నట్టు. 60 టాలెంట్ల వెండి మాత్రం నిజంగానే ఇచ్చి పంపారు. టాలెంటంటే దగ్గర దగ్గర 26 కిలోలు. ఒక యుద్ధనావలో ఉండే రెండు వందల మందికి అది నెల జీతం. అంటే 60 నావలకి ఒక్క నెల గడుస్తుంది. రెండో నెల సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు.

సభ 60 నావలు పంపుదామంది. నాయకత్వం ముగ్గురికి: ఆల్కిబియాడీస్, లామకస్, వద్దు మొర్రో అంటున్న నికియాస్. లామకస్ ముదురు సిపాయి, బీదవాడు. సేనానిగా వెళ్ళినప్పుడల్లా తన బట్టలకీ చెప్పులకీ అయిన చిల్లరఖర్చు కూడా లెక్కరాసి ఊరికి చూపించేవాడట.

అయిదో రోజున సామాన్ల సంగతి తేల్చడానికి మళ్ళీ సభ చేరింది. నికియాస్ లేచి, సామాన్ల సంగతి తరవాత, అసలు వెళ్ళడమే తప్పు అన్నాడు. స్పార్టా ఇంకా కాచుకునే ఉంది, ఇక్కడి శత్రువుని వదిలి అక్కడ కొత్త శత్రువుని తెచ్చుకోవడమెందుకన్నాడు. పెద్దవాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాడు. పక్కన కూర్చున్న కుర్రాళ్ళు పిరికివాళ్ళంటారని సిగ్గుపడి చేతులెత్తొద్దన్నాడు. ఆల్కిబియాడీస్ లేచాడు. సిసిలీ ఊళ్ళంటే కలగూరగంప జనం, ఒక మాట మీద నిలబడరు, మనం వెళ్తే చాలన్నాడు. చిన్నా పెద్దా కలిసి నడిస్తేనే మన ఊరు ఇంత ఎదిగింది, ఈయన మనలో మనకి తగువు పెడుతున్నాడన్నాడు. చప్పట్లు ఎవరికి పడ్డాయో వేరే చెప్పాలా?

అప్పుడు నికియాస్ మళ్ళీ లేచి ఒక ఎత్తు వేశాడు. సరే, వెళ్ళక తప్పదంటే చిన్న దండు చాలదు అని మొదలుపెట్టాడు. వాళ్ళకి గుర్రాలు ఎక్కువ, మనకి విలుకాళ్ళు కావాలి, ఒడిసెలవాళ్ళు కావాలి, తిండిగింజల ఓడలు కావాలి, రొట్టెలు చేసేవాళ్ళు కావాలి, డబ్బు మూటలు మన దగ్గరుండాలి గానీ సెజెస్టాని నమ్ముకోకూడదు అంటూ పెద్ద చిట్టా చదివాడు. అంత ఖర్చు వింటే జనం బెదిరి వెనక్కి తగ్గుతారని ఆయన ఆశ. జరిగింది వేరు. నికియాస్ అంతటి జాగ్రత్తపరుడు ఇంత దండు చాలంటే ఇక ఢోకా ఏముందని అందరికీ హుషారు పుట్టింది. ఒకడు లేచి, సాగదీయకుండా ఎన్ని కావాలో ఇక్కడే చెప్పమన్నాడు. నీళ్ళు నములుతూ, కనీసం 100 నావలు, 5000 మంది కవచాల కాల్బలం అన్నాడు నికియాస్. అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. ఇష్టం లేనివాళ్ళు కూడా ఉన్నారట ఆ సభలో. చెయ్యెత్తకపోతే దేశద్రోహి అంటారేమోనని నోరు మూసుకున్నారని థుసిడిడీస్ రాశాడు.

నాకు ఆయన మీద కోపం వచ్చేది ఇక్కడే. వద్దు అన్న మాట ఒకసారి చెల్లకపోతే రెండోసారి, మూడోసారి వద్దనే అనాలి. ఈయన ‘వద్దు’ని తీసుకెళ్ళి ‘ఖర్చవుతుంది’గా మార్చాడు. 60 నావలతో పోయే నష్టాన్ని 100 నావలకి పెంచినవాడు యుద్ధం వద్దన్నవాడే!

బయల్దేరేముందు ఒక అపశకునం. ఏథెన్స్‌లో ఇళ్ళ ముందూ గుళ్ళ ముందూ హెర్మీస్ దేవుడి తల చెక్కిన రాతిస్తంభాలుండేవి. ఒక రాత్రి ఎవరో వాటి ముఖాలు పగలగొట్టారు. ఊరు అట్టుడికిపోయింది. దాంతోపాటు దేవరహస్యాల్ని ఇళ్ళలో వెటకారం చేశారని ఆల్కిబియాడీస్ పేరు బయటికొచ్చింది. నన్ను ఇప్పుడే విచారించండి, తప్పు తేలితే చంపండి అన్నాడతను. సైన్యం అతని పక్షాన ఉందని శత్రువులకి తెలుసు. ముందు వెళ్ళిరా, తరవాత చూద్దాం అన్నారు తీయగా.

నడి వేసవిలో పైరియస్ రేవు నుంచి నావలు కదిలాయి. ఊరు ఊరంతా రేవుకి దిగింది. బంగారు, వెండి గిన్నెలతో ద్రాక్షాసారాయి ధారపోసి దేవుళ్ళకి మొక్కి, పాటెత్తుకుని, ఈజినా దీవి దాకా పందెం వేసుకుంటూ వెళ్ళారట. కోర్సైరా దగ్గర మిత్రుల నావలూ కలిశాక లెక్క చూస్తే 134 యుద్ధనావలు, 5100 మంది కవచాల కాల్బలం. గుర్రాలు ఎన్నో చెప్పుకోండి చూద్దాం. ముప్ఫై! ఒక్క ఓడకి సరిపడా. గుర్రాల బలం ఉన్న ఊరి మీదికి.

సిసిలీ చేరగానే సెజెస్టా ఖజానా గుట్టు తెలిసింది. ఉన్నది 30 టాలెంట్లు. ముగ్గురూ మూడు దారులు పట్టారు. సెలినస్ గొడవ తీర్చేసి, నావల్ని నలుగురికీ చూపించి ఇంటికి పోదామని నికియాస్. మాటలతో ఒక్కొక్క ఊరినీ మనవైపు తిప్పుకుందామని ఆల్కిబియాడీస్. వాళ్ళు ఇంకా కంగారులో ఉన్నారు, ఈ క్షణమే సిరక్యూజ్ మీద పడదామని లామకస్. ముగ్గుర్లో బీదవాడు చెప్పిందే సరైనదని నా లెక్క. ఆయన మాటకి బలం చాలక ఆల్కిబియాడీస్ వైపు మొగ్గాడు. అంతలోనే ఆల్కిబియాడీస్‌ని విచారణకి తీసుకురమ్మని ఏథెన్స్ నుంచి ప్రభుత్వ నావ వచ్చింది. దారిలో తప్పించుకున్నాడు. లేని మనిషికి ఊరు మరణశిక్ష వేసింది. అతను తిన్నగా స్పార్టాకి పోయి, సిరక్యూజ్‌కి ఒక మంచి సేనానిని పంపండి, ఏథెన్స్ పక్కనే డెసిలియాలో కోట కట్టి పాగా వేయండి అని సలహా చెప్పాడు. రెండూ చేశారు వాళ్ళు.

దండయాత్ర వద్దన్నవాడే దానికి పెద్దదిక్కయ్యాడు. మరుసటి ఏడు సిరక్యూజ్ చుట్టూ గోడ కట్టడం మొదలుపెట్టారు, ఊరిని దిగ్బంధించాలని. ఆ పోరులో లామకస్ చనిపోయాడు. నికియాస్‌కి మూత్రపిండాల జబ్బు. అయినా గోడ దాదాపు పూర్తయింది, ఊళ్ళోవాళ్ళు రాజీ మాటలు మాట్లాడుకుంటున్నారు. అప్పుడొచ్చాడు స్పార్టా సేనాని గిలిప్పస్. నాలుగు నావలేగా అని నికియాస్ అతన్ని వేళకి ఆపలేదు. గిలిప్పస్ ఉత్తరతీరంలో దిగి, దారిలో మనుషుల్ని కూడగట్టుకుని, గోడకి ఇంకా మిగిలిన సందులోంచి ఊళ్ళోకి చేరాడు. వెంటనే అడ్డగోడ కట్టించాడు. ముట్టడించినవాళ్ళే ముట్టడిలో పడ్డారు.

నికియాస్ ఏథెన్స్‌కి ఉత్తరం రాశాడు. మనిషితో నోటిమాట పంపితే, జనానికి నచ్చేటట్టు మార్చి చెబుతాడేమోనని రాతలో పెట్టాడు. నావల కొయ్య నీళ్ళలో నాని కుళ్ళుతోంది, తెడ్లు వేసేవాళ్ళు పారిపోతున్నారు, నాకు జబ్బు, నన్ను పిలిపించండి అని రాశాడు. మీ స్వభావం నాకు తెలుసు, తీపి మాటలు వింటారు, అలా జరక్కపోతే చెప్పినవాణ్ణి పట్టుకుంటారు అని కూడా రాశాడంటే చూడండి. ఇంత నిజం రాసినవాడు చివరికొచ్చేసరికి మళ్ళీ పాత పాటే: దండుని వెనక్కి పిలవండి, లేదా ఇంతే దండు ఇంకోటి పంపండి. సభ రెండోదానికి చేతులెత్తింది. సెలవు మాత్రం ఇవ్వలేదు.

క్రీ.పూ. 413లో 73 నావలతో డెమోస్థనీస్ వచ్చాడు. మీ పుస్తకంలో ఉండే వక్త కాదు, ఆయన తరవాతి కాలంవాడు. ఇతను గట్టి యోధుడు. వెంట వచ్చిన సేనాని ఎవరనుకున్నారు? యురిమెడన్! సిసిలీని వదిలొచ్చాడని జరిమానా కట్టినవాడే.

డెమోస్థనీస్ ఆలస్యం చెయ్యలేదు. వెన్నెల రాత్రి ఎపిపొలే గుట్ట ఎక్కి అడ్డగోడ మీద పడ్డాడు. మొదట బాగానే సాగింది. తరవాత చీకట్లో ఎవరు ఎవరో తెలియలేదు. గుర్తుమాట పదే పదే అడుక్కుని శత్రువుకీ తెలిసేట్టు చేసుకున్నారు. తమవాళ్ళలోనే కొందరి యుద్ధగీతం శత్రువుల పాటలాగే ఉండేసరికి హడలిపోయి ఒకర్నొకరు పొడుచుకున్నారు. చాలామంది కొండచరియల మీంచి దూకి పోయారు.

తెల్లారాక డెమోస్థనీస్, ఇక చాలు, ఓడలెక్కుదాం అన్నాడు. యురిమెడన్ సరేనన్నాడు. నికియాస్ కాదన్నాడు. ఇప్పుడు ప్రాణాలు పోతున్నాయని గోలపెడుతున్న ఈ సిపాయిలే అక్కడికెళ్ళాక మన సేనానులు లంచం తిని వచ్చేశారని అరుస్తారు, ఆ మాట పడి సొంత ఊరివాళ్ళ చేతిలో అన్యాయంగా చచ్చేకంటే ఇక్కడ శత్రువు చేతిలో చస్తాను అన్నాడు. ధైర్యంగానే ఉంది కదూ వినడానికి? తను చావడం ఆయనిష్టం. నలభై వేలమందిని వెంట తీసుకెళ్ళే హక్కు ఎవరిచ్చారు?

శత్రువుకి కొత్త బలం రావడం చూసి చివరికి ఆయనా ఒప్పుకున్నాడు. రహస్యంగా సర్దుకున్నారు. ఆగస్టు 27 రాత్రి చంద్రగ్రహణం పట్టింది. మూడు తొమ్మిదులు, ఇరవై ఏడు రోజులు కదలకూడదన్నారు జోస్యులు. అప్పటిదాకా ఆ మాటే ఎత్తొద్దన్నాడు నికియాస్. అందరూ గ్రహణాన్ని తిట్టిపోస్తారు. నేను తిట్టను. ఇంటికి పోవడం ఇష్టంలేని మనిషికి చంద్రుడు ఒక గడువు ఇచ్చాడు, అంతే.

ఆ గడువులో సిరక్యూజ్ వాళ్ళు నావలు అడ్డంగా నిలిపి, గొలుసులు వేసి రేవు మూసేశారు. అంతకుముందే యురిమెడన్ పోరులో చనిపోయాడు. చివరికి 110 నావలతో ఆ అడ్డు తెంచుకుని బయటపడాలని చూశారు. ఒడ్డున నిలబడిన సైన్యం, తమవాళ్ళు నెగ్గుతుంటే కేకలు వేస్తూ, ఓడుతుంటే ఏడుస్తూ, పోరు ఎటు ఊగితే శరీరాలు అటు ఊగుతూ చూసిందట. ఓడిపోయారు. ఇంకోసారి ప్రయత్నిద్దామంటే నావికులు ఎక్కేది లేదన్నారు. ఆ రాత్రే నడిచిపోతే బతికేవాళ్ళేమో. సిరక్యూజ్ నాయకుడు హెర్మొక్రటీస్ స్నేహితుల్లా నటించే రౌతుల్ని పంపి, దారులు కాపలాలో ఉన్నాయి, పొద్దున బయల్దేరండి అని చెప్పించాడు. నమ్మారు. ఆగారు. అప్పుడు నిజంగానే దారులు కాపలాలోకి వెళ్ళాయి.

గాయపడినవాళ్ళు కాళ్ళు పట్టుకుని బతిమాలుతుంటే వదిలేసి నడిచారు. ఆ నడకలో మాత్రం నికియాస్‌ని తప్పుపట్టలేను. జబ్బు మనిషి, వరస వరసకీ వెళ్ళి గొంతు పోయేలా ధైర్యం చెప్పాడు. డెమోస్థనీస్ వెనకబడి, 6000 మందితో లొంగిపోయాడు. నికియాస్ దండు అసినారస్ ఏరు చేరింది. దాహంతో నీళ్ళలోకి విరగబడ్డారు. గట్టు మీంచి బాణాలు, ఈటెలు. నెత్తురూ బురదా కలిసిన నీళ్ళ కోసం కొట్టుకుని మరీ తాగారు. అప్పుడు గిలిప్పస్‌కి లొంగాడు నికియాస్. గిలిప్పస్ వద్దన్నా ఆయన్నీ డెమోస్థనీస్‌నీ చంపేశారు. 7000 మందిని రాతి గనుల్లో పడేశారు. ఎనిమిది నెలలపాటు మనిషికి రోజుకి పావు లీటరు నీళ్ళు, అర లీటరు గింజలు. యూరిపిడీస్ నాటకాల్లో పద్యాలు నోటికొచ్చినవాళ్ళని కొందరిని సిరక్యూజ్ జనం ముచ్చటపడి వదిలేశారని ప్లుటార్క్ అంటాడు. ఉండొచ్చు.

ఏథెన్స్‌కి కబురు ఎలా చేరిందో కూడా ఆయనే చెప్పాడు. పైరియస్‌లో ఒక మంగలి కొట్టుకి పరాయి ఊరివాడొకడు వచ్చి, అందరికీ తెలుసనుకుని మామూలుగా ఈ సంగతి ఎత్తాడు. మంగలి పరుగున ఊళ్ళోకి వెళ్ళి చెప్పాడు. ఎవరు చెప్పారంటే పేరు తెలియదు. పుకార్లు పుట్టిస్తున్నావని చక్రానికి కట్టి చిత్రవధ పెట్టారు, వేరేవాళ్ళు వచ్చి నిజమని చెప్పేదాకా.

నమ్మక తప్పనప్పుడు జనం ఏం చేశారు? వెళ్దామన్న వక్తల మీద పడ్డారు, తాము చేతులెత్తనట్టే. గెలుస్తామన్న జోస్యుల మీద పడ్డారు. నికియాస్ బతికి వచ్చుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఏడేళ్ళ తరవాత ఆర్గినుసే దగ్గర సముద్రంలో గెలిచి వచ్చిన సేనానుల్ని, పోరులో నావలు మునిగి నీళ్ళలో పడినవాళ్ళని తుఫానులో తీసుకురాలేదని ఆరుగుర్ని ఒక్క తీర్పుతో చంపారు. అందులో పెరిక్లీజ్ కొడుకు కూడా ఉన్నాడు. అది గెలిచినవాళ్ళకి!

ఇంకో పని కూడా చేశారు. ఇకనుంచి తొందరపడకూడదని, వయసు మళ్ళిన పదిమందిని ఏరి పెద్దల సంఘం పెట్టారు, ఏ విషయమైనా ముందు వాళ్ళు ఆలోచించాలని. కుర్రాళ్ళకి సిగ్గుపడొద్దని నికియాస్ బతిమాలింది ఈ ముసలాళ్ళనే. ఇక్కడినుంచి ముసలాళ్ళు ఊరిని నిలబెట్టారని చెప్పాలని నాకూ ఉంది గానీ, కుదరదు. రెండేళ్ళు నిండకుండానే, క్రీ.పూ. 411లో, ప్రజల సభని పక్కకి నెట్టి ఊరిని నాలుగు వందల మంది చేతికిచ్చారు. ఆ మార్పుకి తీర్మానాలు తయారుచేసిన సంఘంలో ఈ పదిమందీ ఉన్నారు.